మునిగి ఉన్న ఊరు

శ్రీశైలం నీటిమట్టం 840 అడుగుల దగ్గరికి దిగిందని పేపర్లో పడితే చాలు, ఆత్మకూరు నుంచి అక్క ఫోన్ వస్తుంది. "స్వామి బయటపడుతున్నాడంటరా. ఎప్పుడొస్తావు?" కర్నూలు నుంచి కారు తీసుకుని వెళ్తాను. ఆమెను ఎక్కించుకుని కొత్తపల్లి మీదుగా సంగమేశ్వరం తీసుకుపోతాను. ఆమె గుడిలోకి వెళ్తుంది, నేను ఒడ్డున కూర్చుంటాను. 2021 మే నుంచి నేను ఏ గుడిలోనూ అడుగు పెట్టలేదు.

ఈ ఏడాది మా ఇద్దరి మధ్య నడిచిన మాటలివి. సంగమేశ్వరంలో మధ్యాహ్నం ఎండలో మొదలై, కారులో సాగి, రాత్రి ఆమె ఇంటి అరుగు మీద ఆగాయి. నేను ఫిజిక్స్ లెక్చరర్‌గా చేసి రిటైరయ్యాను. అక్క ఇరవై ఏళ్లకు పైగా అంగన్‌వాడీ నడిపింది. గుర్తున్నంతవరకు ఉన్నదున్నట్టే రాస్తున్నాను.

చోటు తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. సంగమేశ్వరం దగ్గర ఏడు నదులు కలుస్తాయంటారు: కృష్ణ, వేణి, తుంగ, భద్ర, భీమరథి, మలాపహారిణి, భవనాశి. గుడిలో ఉన్నది రాతి లింగం కాదు, వేప మొద్దు. ధర్మరాజు ప్రతిష్ఠించాడని కథ. లింగం తేవడానికి కాశీకి పోయిన భీముడు ముహూర్తానికి అందుకోలేదట, దగ్గర్లో దొరికిన వేప మొద్దునే లింగంగా నిలిపారట. 1960లో మొదలైన శ్రీశైలం ఆనకట్ట 1981కి నీళ్లు నిలపడానికి సిద్ధమైంది. ఇటు కర్నూలు, అటు మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద దాకా ఊళ్లు ఖాళీ అయ్యాయి. లక్ష మంది దాకా కదిలారు. ఆ ఊళ్లలో మాదొకటి. తుంగభద్ర వచ్చి కృష్ణలో కలిసే కూడవెల్లిలో చాళుక్యుల కాలపు సంగమేశ్వరాలయం ఉండేది, దాన్ని రాయికి రాయి విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. మా సంగమేశ్వరుణ్ని మాత్రం ఉన్నచోటే వదిలేశారు. మునిగినవాడు 2003లో గానీ మళ్లీ కంటికి కనపడలేదు. అప్పటి నుంచి నీళ్లు తగ్గిన ఏడల్లా ఎండాకాలంలో కొన్నాళ్లు బయటికి వస్తాడు, వానాకాలం వరద తగలగానే మునుగుతాడు. నీళ్లు గడప ఎక్కేదాకా లోపల పూజ జరుగుతూనే ఉంటుంది. ఆ తర్వాత శిఖరానికి పూజ. శిఖరమూ మునిగితే ఎగువన ఒడ్డు మీది గుడిలో.

మేం వెళ్లేసరికి నీళ్లు దిగి నాలుగు రోజులే అయింది. గర్భగుడిలో మోకాలి లోతు ఒండ్రు. నల్లగా, వెన్నలా ఉంది. పైపొర ఎండి పెచ్చులు లేచింది, వేలు గుచ్చితే లోపల చల్లగా తగులుతుంది. కుర్రాళ్లు పారలతో తట్టలకెత్తి బయట పోస్తున్నారు. గోడల మీద నీళ్లు దిగుతూ దిగుతూ ఎక్కడెక్కడ నిలిచాయో ఒకదాని కింద ఒకటి గీతలు. మొద్దు దగ్గరికి వచ్చేసరికి పారలు పక్కన పెట్టి చేతులతో తీస్తున్నారు. అక్క చీర కుచ్చెళ్లు దోపుకుని వాళ్ల మధ్య కూర్చుంది. అరవై ఆరేళ్ల మనిషి. గంట తర్వాత మోచేతుల దాకా ఒండ్రుతో వచ్చి నా పక్కన చతికిలబడింది.

నేను: మొద్దు ఎట్లా ఉంది?

అక్క: అట్లాగే ఉంది. ఇన్నేళ్లు నీళ్లలో నానినా అట్లాగే ఉంది. నువ్వు ఏమంటావో నాకు తెలుసులే, అనెయ్.

నేను: చెక్క కుళ్లాలంటే గాలి కావాలక్కా. చెక్కను తినే బూజు గాలి లేకుండా బతకదు. పూర్తిగా మునిగి, పైన ఒండ్రు కప్పుకున్న చెక్కకు గాలి అందదు. సముద్రం అడుగున వందల ఏళ్ల నాటి ఓడలు దొరుకుతున్నది అందుకే.

అక్క: ఇది ఏడాదికి కొన్ని నెలలు బయటికొచ్చి ఎండుతోంది కదరా.

నేను: నిజమే. తడిసి ఎండే చెక్కే తొందరగా పాడవ్వాలి. వేప చేదు చెక్క, పురుగు అంత తేలిగ్గా పట్టదు. అంతవరకే చెప్పగలను.

అక్క: సరే, రేపు నీళ్లు దిగేసరికి ఆ మొద్దు పొడైపోయి ఉందనుకో. నేను నమ్మడం మానేస్తాననుకుంటున్నావా?

నేను: మానెయ్యవా?

అక్క: ఇంకో మొద్దు నిలుపుతాం. ధర్మరాజు చేసిందీ అదే కదా? కాశీ లింగం రాలేదని పూజ ఆపాడా? ఆ మొద్దును చూసి నేను నమ్మలేదురా. నమ్మి, ఆ మొద్దును చూసుకుంటున్నా.

ఇన్నేళ్లు నేను ఆమె నమ్మకం మీద వేసిన దెబ్బలన్నీ ఆ మొద్దు మీదే వేశాను. ఆమె దాని మీద ఆనుకునే లేదు. మా ఇంటి కథ ఎత్తుకున్నాను.

నేను: నాయన కూడా నమ్మాడు. ఏమైంది? 1981 ఎండాకాలం. పక్కవాళ్లు తలుపులు, దూలాలు విప్పి బండ్లకెత్తుకుంటుంటే ఈయన పొలం దున్నించాడు. "స్వామి మెట్టు దాటి నీళ్లు రావు" అన్నాడు. అడిగినవాళ్లకల్లా అదే చెప్పాడు. ఆయన్ని చూసి ఇంకో పది ఇళ్లవాళ్లు ఆగిపోయారు. చివరికి జీపులొచ్చి గడువు అయిపోయిందంటే రెండు రోజుల్లో ఏం తెచ్చుకోగలం? దూలాలు పోయాయి, గాదె పోయింది. అప్పుడు నాకు పదిహేడేళ్లు. ఆ పది ఇళ్లవాళ్ల ముఖం చూడలేక కర్నూలు హాస్టల్‌కు పోయాను. దేవుడి మీద నాకు మొదటి కోపం అక్కడ, 2021లో కాదు.

అక్క: ఆ నమ్మకం తప్పేరా.

నలభై ఏళ్లలో ఆమె నోట ఈ మాట నేను వినలేదు. నాయన పేరు మీద ఈగ వాలనిచ్చేది కాదు.

అక్క: నాయన అప్పుడు నమ్మింది దేవుణ్ని కాదు. నీళ్లు రావని నమ్మాడు. తన కోరికను తెచ్చి దేవుడి నెత్తిన పెట్టి, దాన్ని నమ్మాడు. ఆ పది ఇళ్లకు జరిగిన నష్టం నాకూ గుర్తే. మీ బావ వాళ్ల ఇల్లు వాటిలో ఒకటి కదా. పెళ్లై రెండేళ్లు, ఆ ఇంటి కోడల్ని నేను. నాకు తెలియదా?

నేను: మరి ఎప్పుడూ అనలేదే.

అక్క: నువ్వు అంతవరకే చూసి వెళ్లిపోయావు. తర్వాతది నేను చూశా. కొత్త ఊళ్లో ఇల్లు లేపేటప్పుడు మన పాత గడప పెద్దదైంది, వాకిలి చిన్నదైంది. మేస్త్రీ గడప కోస్తానన్నాడు. మూడు నెలలుగా ఎవరితోనూ మాట్లాడని నాయన లేచొచ్చి రంపం లాక్కున్నాడు. మూర వేసి కొలిచాడు. గోడ పగలగొట్టమన్నాడు. అప్పుచేసి కట్టిన గోడరా అది! పగలగొట్టించి, గడప పట్టేంత వాకిలి పెట్టించాడు. ఆ రాత్రి కడుపునిండా తిన్నాడు. ఆ తర్వాత ఏం మునిగినా, ఏం పోయినా "రాదులే, పోదులే" అనలా. సాయంత్రం ఒడ్డుకు పోయి నీళ్లవైపు తిరిగి దండం పెట్టుకుని వచ్చేవాడు, అంతే. నేను నమ్మకం అనేది ఆ రెండోదాన్ని.

ఆ గడప ఇప్పటికీ ఉంది. టేకుది. వద్దంటున్నా వినకుండా పిల్లలం కూర్చుని కూర్చుని ఒక మూల నునుపు తేలింది. మేకుతో నేను చెక్కిన నా పేరు మొదటి అక్షరం పసుపు కింద వేలికి తగులుతుంది. కొత్త ఇంటి గోడ ఆ గడప దగ్గర కాస్త వంకరగా ఉంటుంది. ఎందుకుందో నేను ఎప్పుడూ అడగలేదు.

అయినా ఒప్పుకోబుద్ధి కాలేదు.

నేను: ఇంకోటి అడుగుతా. 2003లో ఈయన బయటపడ్డాడని ఊరూరా సంబరపడ్డారు. ఎందుకు బయటపడ్డాడు? కృష్ణలో నీళ్లు లేక. పైన కరువు, కింద ఆయకట్టు ఎండింది. రైతు ఎండితేనే నీ దేవుడు కనపడతాడు. దర్శనం కోసం ఎవరి కరువుకు మొక్కుతావక్కా?

ఆమె ఒండ్రు చేతులు ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ కూర్చుంది. ఎండిన మట్టి పొడిపొడిగా రాలింది.

అక్క: ఆ ఏడు ఆయన్ని చూసి ఏడ్చా. సంతోషంతోనే. మీ బావ పోయి ఏడేళ్లు, చూడటానికి ఆయనా లేడే అని ఇంకా ఏడ్చా. ఇంటికొచ్చాక అంగన్‌వాడీలో పిల్లలు అన్నం గిన్నెలు నాకుతుంటే చూశా. ఇళ్లలో లేక. నువ్వడిగిన ప్రశ్న అప్పుడే నాకు వచ్చింది, చాలా సిగ్గేసింది. అప్పటి నుంచి "బయటికి రా స్వామీ" అని మొక్కలేదు. వానలు మొదలైతే ఒకటే మొక్కుతా, "మునుగు తండ్రీ, జనం బతకాలి" అని.

ఇది నాకు తెలియదు. పక్కన కూర్చుని ఎన్నో ఏళ్లుగా ఆమెను గుడి దగ్గర దించుతున్నవాణ్ని, ఆమె లోపల ఏం మొక్కుతోందో అడగలేదు. తన దేవుడు మునగాలని మొక్కే భక్తురాలితో ఎట్లా వాదించాలో ఏ పుస్తకమూ నాకు నేర్పలేదు.

పొద్దు వాలుతుండగా బయల్దేరాం. కారులో ఆమే కదిపింది.

అక్క: నీ సంగతి చెప్పు. 2009లో నువ్వే కదరా నాకు ఫోన్ చేసి "సంగమేశ్వరుడే కాపాడాడు" అన్నావు?

అన్నాను. ఆ అక్టోబర్ 2న తుంగభద్ర, హంద్రి కర్నూలు మీద పడ్డాయి. 885 అడుగుల దగ్గర నిలవాల్సిన శ్రీశైలం నీళ్లు 896 దాకా ఎగదన్నాయి. మేం నలుగురం మిద్దె మీద రెండు రాత్రులు కూర్చున్నాం. కింది గదిలో నా పుస్తకాలు, ఏళ్లనాటి నోట్సు బురదైపోయాయి. పిల్లలు మాత్రం దక్కారు. నేను మొక్కుకున్నాను, ఆయన ఇచ్చాడు. నా బుద్ధికి అది చాలా శుభ్రంగా కుదిరిన లెక్క.

నేను: ఆ లెక్కే నన్ను ముంచింది. 2021 మే. నీ మరదలు కరోనాతో లోపల ఉంటే, తొమ్మిది రోజులు ఆస్పత్రి గేటు బయట ఉన్నాను. ఏ ఆస్పత్రో ఇప్పుడెందుకు. ఆఖరి రాత్రి సిలిండర్ల బండి ఇదిగో వస్తోంది, అదిగో వస్తోంది అన్నారు. ఫుట్‌పాత్ మీద కూర్చుని తెలిసిన దేవుళ్లందరికీ మొక్కాను. అంత నిజంగా జన్మలో ఎప్పుడూ మొక్కలేదు. తెల్లవారుజామున నాలుగున్నరకు లోపలి నుంచి పిలిచారు. ముఖం చూపించలేదు. మూట చూపించారు. పోతన గజేంద్రుడికి కూడా అనుమానం వచ్చింది, ఉన్నాడో లేడో అని. కానీ దేవుడు పరుగెత్తుకొచ్చాడు. మా దగ్గరికి ఎవరూ రాలేదు.

అక్క: రాలేదు.

నేను: అంతేనా?

అక్క: వచ్చాడని అబద్ధం చెప్పమంటావా? మరదలు పోవడంలో నాకు ఏ మంచీ కనపడలా. "అంతా మన మంచికే" అన్నవాళ్లను ముఖం మీదే కాదన్నా. దినం నాడు పెద్దాయన ఒకాయన "పూర్వజన్మ కర్మ" అన్నాడు, గుర్తుందా? లేచి వడ్డన దగ్గరికి పోయా. అక్కడే ఉంటే ఆయన పెద్దరికం చూసేదాన్ని కాదు.

నేను: మంచికి కాదంటావు, కర్మ కాదంటావు. ఆపలేదు, రాలేదు. ఇంక నీ దేవుడిలో మిగిలిందేంటక్కా?

అక్క: మునిగినవాడు మిగిలాడు.

నేను: అంటే?

అక్క: మనకు చాలీచాలకో పరిహారమన్నా ఇచ్చారు. కూడవెల్లి స్వామిని మోసుకుపోయి గుడి కట్టారు. ఈయనకేదీ లేదు. మనతో పాటే ఉన్నాడు, మనతో పాటే మునిగాడు. గట్టు మీద నిలబడి మన మునక చూసినవాడైతే నేనూ నీలాగే బయట కూర్చునేదాన్ని. నా కష్టం ఆయనకు తెలుసురా. నాకు గురి కుదిరింది అక్కడ.

నేను: వినడానికి బాగుంది. అయినా అది నీ ఊహ.

అక్క: కావచ్చు. నువ్వు అడిగేది కాగితమ్మీద రుజువు, నా దగ్గర లేదు. ఒకటి మాత్రం చెప్తా. నీది ఆశ. మొక్కాను, జరగాలి. జరిగితే ఉన్నాడు, జరక్కపోతే లేడు. ఆశ పెట్టుకోవడం తప్పనను, నేనూ పెట్టుకుంటా. మీ బావను గుండెపోటు వచ్చిందని ఆటోలో తీసుకుపోతుంటే నేనేం ఊరికే కూర్చోలా. జరగలా. జరగని తెల్లారి ఆశతో ఏం చేసుకుంటావు? చిల్లుపడిన బిందె. అప్పుడు నమ్మకం కావాలి.

నేను: జరగని తెల్లారి నీకు వెంటనే వచ్చిందా ఆ నమ్మకం?

అక్క: రాలేదు. నెల రోజులు దీపం పెట్టలేదు నేను. అగ్గిపుల్ల గీయబుద్ధి కాలా.

నేను కారు పక్కకు ఆపాను. ఎదురుగా గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. అది దాటేదాకా ఆమె చెబుతూనే ఉంది. మా ఊళ్లో గుడితో పాటు దర్గా కూడా మునిగింది. ఆ దర్గా పక్కింటి బూబమ్మ కొత్త ఊళ్లోనూ అక్కకు పక్కిల్లే అయింది. 1996లో బావ పోయాక నెల రోజులు పొద్దున్నే వచ్చి పొయ్యి వెలిగించి, ఇద్దరు పిల్లలకు జొన్నరొట్టె కాల్చిపెట్టి బడికి పంపింది. అక్కను ఓదార్చడానికి ఒక్క మాట అనలేదట. ఒకరోజు అక్కే అడిగింది, రోజూ ఎందుకొస్తావని. "నువ్వు దీపం పెట్టట్లేదు కదా. నా నమాజులో నీ పేరు కూడా చెప్తున్నా, నువ్వు పెట్టేదాకా" అందట.

అక్క: అప్పుడర్థమైందిరా. నమ్మకం ఎప్పుడూ నేనే మోయక్కర్లేదు. నేను కింద పడేస్తే ఇంకొకరు ఎత్తుకుని నాలుగు అడుగులు నడుస్తారు. మళ్లీ నాకిస్తారు.

నేను: అది బూబమ్మ మంచితనం. రొట్టె కాల్చింది ఆమె చేతులు. మధ్యలో దేవుడి పేరెందుకు?

అక్క: ఆమెను అడిగితే దేవుడి పేరే చెప్పింది కదా. చేసిన మనిషి "ఆయన కోసం చేశా" అంటుంటే, కాదు నీ మంచితనమే అని నువ్వెవరివి చెప్పడానికి?

నేను: సరే. మరి ఆస్పత్రిలో నర్సమ్మాయి ఒకతె ఉండేది. ఇరవై మూడేళ్లుంటాయేమో. మూడు రాత్రులు మాస్క్ కింద ముఖం కమిలిపోయి, నా భార్యకు వీడియోలో పిల్లల్ని చూపించింది. "ఆమె నవ్వింది సార్" అని బయటికొచ్చి నాకు చెప్పింది. ఏ దేవుడి పేరూ ఎత్తలేదు. ఆమెది నీ లెక్కలో ఎక్కడ?

అక్క: ఆ పిల్ల మొక్కుతుందో లేదో నాకక్కర్లేదు. నా మరదలు నవ్విందా లేదా?

"నా మరదలు" అంటూ నా భార్యను తనదాన్ని చేసుకుని మాట్లాడింది. అప్పుడు గొంతు పట్టేసింది నాకు. ఆ నవ్వు సంగతి నాలుగేళ్లుగా నేను ఎవరికీ చెప్పలేదు. ఆ రాత్రి గురించి చెప్పాల్సి వచ్చినప్పుడల్లా సిలిండర్ల బండి గురించే చెబుతూ వచ్చాను.

నేను: నాకు కోపం పోలేదక్కా.

అక్క: ఎందుకు పోవాలి? తిట్టు. రామదాసు తిట్టలేదూ? గోల్కొండ చెరలో పన్నెండేళ్లు కూర్చుని, చేయించిన నగల లెక్కలన్నీ ఏకరువు పెట్టి మరీ నిలదీశాడు.

నేను: రామదాసుకు వింటాడన్న ధైర్యముంది. నాకు తిట్టడానికి కూడా అవతల ఎవరూ కనపడటం లేదు. అదీ నా బాధ.

ఈ మాటకు ఆమె దగ్గర జవాబు ఉంటుందని ఎదురుచూశాను. లేదు. ఆత్మకూరు దీపాలు కనిపించేదాకా ఇద్దరం మాట్లాడలేదు. ఏదో ఒక మంచి మాట అనేసి నా నోరు మూయించాలని ఆమె చూడలేదు. అందుకు ఆమెకు ఇక్కడ దండం పెడుతున్నాను. 2021 తర్వాత నా ఇంటికి వచ్చినవాళ్లందరూ మంచి మాటలు తెచ్చారు. వాటి బరువుకే నేను తలుపు మూసుకున్నది.

అన్నాలయ్యాక అక్క లోపలి నుంచి పాత రేకు పెట్టె తెచ్చి అరుగు మీద పెట్టింది. నిండా కాగితాలు: భూసేకరణ అవార్డు నకళ్లు, పట్టాలు, రేషన్ కార్డుల జిరాక్సులు, ప్లాస్టిక్ కవర్లలో ఇంటి పేరు ప్రకారం కట్టలు. 1986లో 98 జీవో వచ్చింది, శ్రీశైలం ముంపు కుటుంబానికొక ఉద్యోగమని. అప్పటి పిల్లలకు ఇప్పుడు మనవలున్నారు. ఇంకా అర్జీలు నడుస్తూనే ఉన్నాయి. మా ఊరి కుటుంబాలవి అక్క దగ్గర దాస్తారు.

నేను: ఇదీ నాకు మింగుడుపడదు. ఇందాక నువ్వన్నది నిజమైతే, జరక్కపోయినా నమ్మగలిగినదానివి ఆఫీసుల చుట్టూ ఎందుకు తిరుగుతున్నావు? దేవుణ్ని నమ్మినవాళ్లు ఓపిక పట్టారనే కదా మన భూముల ఫైళ్లు ఇన్నేళ్లు కదలనిది. "ఉన్నాడులే పైవాడు" అన్న మాటను ఎదుటివాళ్లు ఎంత తేలిగ్గా వాడుకున్నారో నీకు తెలుసు.

అక్క: వాడుకున్నారు. కాదనను. మన వాళ్లు చాలామంది ఆ మాట అనుకుని సంతకాలు పెట్టొచ్చారు. అందుకే ఈ పెట్టె నా దగ్గర పెట్టుకున్నా. ఆయన మీద నమ్మకం ఉంది కాబట్టే వందసార్లు "రేపు రా" అన్నా మళ్లీ పోతా. నువ్వు ఒకసారి పోయి, వాడు విసుక్కుంటే కాగితాలు చించి ఇంటికొచ్చావు. గుర్తుందా?

గుర్తుంది. 1994లో. ఒక ఆఫీసులో గుమస్తా మా ఊరి పేరు విని "అట్లాంటి ఊరు రికార్డులో లేదు" అన్నాడు. నాకు న్యాయం తెలుసు, చదువు ఉంది, కోపం ఉంది. రెండోసారి పోవడానికి అవేవీ పనికి రాలేదు. అక్క పదిహేనేళ్లలో ఆ ఊరు రికార్డులో ఉందని వెతికి తీయించింది. ఆమె చదివింది ఎనిమిదో తరగతి. నమ్మకం మనిషిని మెత్తబరుస్తుందన్న నా వాదన నా ముందే, ఈ ఇంట్లోనే ఎందుకు నిలవడం లేదో నేను ఇంకా ఆలోచిస్తున్నాను. ఒప్పుకున్నానని మాత్రం రాయడం లేదు. పది ఇళ్లవాళ్లు నా కళ్లముందే ఉన్నారు.

అక్క: సోమవారం నంద్యాలలో అర్జీలు తీసుకుంటారు. మన వీధి చివరింటి వాళ్ల మనవడిది ఇవ్వాలి. పిల్లోడు డిగ్రీ చేసి పెట్రోల్ బంకులో పనిచేస్తున్నాడు. నీ చేతిరాత బాగుంటుంది, రాసిపెట్టు.

తెల్లకాగితం ఇచ్చింది, కింద పెట్టుకోవడానికి పంచాంగం ఇచ్చింది. ఆమె చెబుతుంటే రాశాను. "గౌరవనీయులైన కలెక్టర్ గారికి" అని మొదలుపెట్టి, తాత పేరు, అవార్డు నంబరు, ఎకరాలు, సెంట్లు. ఒక్క కాగితం చూడకుండా అన్నీ నోటికి చెప్పింది. ఊరి పేరు వచ్చింది.

నేను: "1981లో శ్రీశైలం జలాశయంలో మునిగిపోయిన" అని రాశాను, పక్కన ఊరి పేరు. సరిపోతుందా?

అక్క: కొట్టెయ్. "మునిగి ఉన్న" అని రాయి.

నేను: అర్థం ఒకటే కదక్కా.

అక్క: ఒకటి కాదు. రాయి.

కొట్టివేసిన అర్జీ ఇస్తే బాగోదని ఇంకో కాగితం తీసుకుని మొదటి నుంచి రాశాను.